షెర్రీ వైన్: తరచుగా అడిగే ప్రశ్నలు, అప్పుడప్పుడూ అడిగేవి కూడా

షెర్రీ అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. విస్కీ సీసా మీద కనిపించే "షెర్రీ కాస్క్" అన్న మాట ఒకటి. ఇంగ్లీషు సినిమాల్లో ఓ పెద్దావిడ బుల్లి గ్లాసులో చప్పరించే తియ్యటి పానీయం రెండోది. ఈ రెండూ షెర్రీకి దూరపు చుట్టాలే. అసలు మనిషి వేరే ఉన్నాడు. స్నేహితులు నన్ను పదే పదే అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

షెర్రీ అంటే వైనా, లిక్కరా?

వైనే. స్పెయిన్ దక్షిణాన అండలూసియాలో, కాదిస్ ప్రాంతంలో తెల్ల ద్రాక్షతో చేస్తారు. హెరెస్ దె లా ఫ్రొంతేరా, ఎల్ పుయెర్తో దె శాంతా మరియా, సాన్‌లూకర్ దె బర్రమేద అనే మూడు ఊళ్లు దీనికి పుట్టిల్లు. రసం పులిసి వైన్ అయ్యాక అందులో కొంత ద్రాక్ష స్పిరిట్ కలిపి బలం పెంచుతారు. అందుకే మామూలు వైన్ 12, 13 శాతం దగ్గర ఉంటే ఇది రకాన్ని బట్టి 15 నుంచి 22 శాతం దాకా ఉంటుంది.

పోర్ట్ వైన్‌లోనూ స్పిరిట్ కలుపుతారు కదా అంటారేమో. తేడా ఎప్పుడు కలుపుతారన్న దగ్గర ఉంది. పోర్ట్‌లో రసం ఇంకా పులుస్తుండగానే స్పిరిట్ పోసి పులియడం ఆపేస్తారు, దాంతో ద్రాక్షలోని చక్కెర అలాగే మిగిలిపోతుంది. షెర్రీలో మామూలుగా చక్కెరంతా పులిసి అయిపోయాక పోస్తారు. కాబట్టి షెర్రీ పుట్టుకతో తియ్యనిది కాదు.

అదేంటి, నేను తాగింది పాకంలా ఉంది?

మీరు తాగింది బహుశా క్రీమ్ షెర్రీ అయి ఉంటుంది. పాలూ మీగడా ఏమీ ఉండవందులో, పేరే అంత. ఒలొరొసో అనే రకానికి తీపి వైన్ కలిపి చేస్తారు. బ్రిస్టల్ ఊరి హార్వీస్ కంపెనీ వాళ్ల బ్రిస్టల్ క్రీమ్ దీన్ని ఇంగ్లాండులో ఇంటింటికీ చేర్చింది. ఫీనో రకంలో లీటరుకు 4 గ్రాముల చక్కెర కూడా ఉండదు. క్రీమ్‌లో 115 గ్రాములకు తగ్గదు. రెండింటి మీదా షెర్రీ అనే ఉంటుంది. ఒకటి తాగి రెండోదాని గురించి తీర్పు చెప్పడం, జిలేబీ తిని మిర్చి బజ్జీ గురించి మాట్లాడినట్టే.

ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

హెరెస్ ఊరు ఐదు వందల ఏళ్లకు పైగా అరబ్బుల ఏలుబడిలో ఉంది. వాళ్లు దాన్ని షెరీష్ అనేవారు. 1264లో పదో అల్ఫొన్సో రాజు ఆ ఊరిని పట్టుకున్నాడు. రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉన్న ఊరు కాబట్టి "దె లా ఫ్రొంతేరా" అన్న తోక తగిలింది. పాత స్పానిష్‌లో దాని పేరు పలికితే "ష" శబ్దమే వచ్చేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని షెరిస్ అన్నారు. చివర "స్" ఉంది కాబట్టి బహువచనం అనుకుని దాన్ని కోసేసి షెర్రీ చేశారు. అంటే ఇంగ్లీషువాడు ఒక పొరపాటు లెక్కతో అరబ్బుల ఊరి పేరును స్పెయిన్ వైన్‌కి పెట్టాడన్నమాట.

మద్యం నిషిద్ధమైన ఏలుబడిలో ద్రాక్షతోటలు ఎలా బతికాయన్నది ఇంకో కథ. 966లో రెండో అల్ హకమ్ ఖలీఫా తోటలన్నీ పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడట. ఊరివాళ్లు వెళ్లి, ఇవి సైనికులకు ఎండుద్రాక్ష కోసం అని మొరపెట్టుకుంటే మూడో వంతు పీకి మిగతావి వదిలేశారని అక్కడ చెప్పుకుంటారు.

ఇంగ్లాండుకి దీని మీద అంత మోజెందుకు?

కొంత వ్యాపారం, కొంత దొంగతనం. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లీషు నావికుడు కాదిస్ రేవు మీద దాడి చేసి, నౌకల్ని తగలబెట్టి, సుమారు 2,900 పీపాల షెర్రీ ఎత్తుకెళ్లాడు. స్పెయిన్‌కి అది నష్టం, లండన్‌లో మాత్రం పండగ. దోచిన సరుకుతోనే కొత్త గిరాకీ పుట్టింది. ఆ తర్వాత ఇంగ్లీషు, స్కాటిష్, ఐరిష్ వర్తకులు నేరుగా హెరెస్ వచ్చి స్థిరపడ్డారు, అక్కడి కుటుంబాలతో వియ్యమందారు. ఇప్పటికీ అక్కడి కంపెనీల పేర్లు జంటగా వినిపిస్తాయి. గొంజాలెజ్ బయాస్‌లో గొంజాలెజ్ స్పెయిన్ ఇంటిపేరు, బయాస్ వాళ్ల లండన్ ఏజెంటుది. వాళ్ల పేరున్న ఫీనో తియో పెపే, అంటే పెపే బాబాయ్. 1835లో ఆ కంపెనీ మొదలుపెట్టిన యువకుడికి వైన్ సంగతులు నేర్పిన సొంత మేనమామ పేరది. నిజానికి మన లెక్కలో అయితే "పెపే మావయ్య" అనాలి. స్పానిష్‌లో బాబాయికీ మేనమామకీ ఒకటే మాట, పాపం.

(పీపా అన్న మాట కూడా మనకు పోర్చుగీసు నావికుల దగ్గర నుంచే వచ్చింది. కాబట్టి ఈ విషయంలో మనకూ కొంచెం బంధుత్వం ఉంది.)

ఇంకో బంధుత్వం సముద్రం మీదుగా. తూర్పు ఇండియా దేశాలకు వెళ్లే ఓడల్లో షెర్రీ పీపాలు వేస్తే, ఉష్ణమండలపు వేడికీ అలల ఊపుకీ వైన్ మెత్తబడి బాగుపడుతోందని గమనించారు. ఆ తరహాకి ఈస్ట్ ఇండియా షెర్రీ అని పేరొచ్చింది. లుస్తావ్ అనే కంపెనీ ఆ పేరుతో ఇవాళ్టికీ ఒక వైన్ అమ్ముతోంది, ఓడ ఎక్కించకుండానే.

ఇక 1970ల దాకా అమ్మకాలు ఆకాశాన్నంటాయి. అక్కడే పతనం కూడా మొదలైంది. రుమాసా అనే పెద్ద వ్యాపార సామ్రాజ్యం బొదేగాల్ని, అంటే షెర్రీ పెంచే గిడ్డంగుల్ని, వరసగా కొని, చవక షెర్రీతో మార్కెట్ ముంచేసింది. 1983 ఫిబ్రవరిలో స్పెయిన్ ప్రభుత్వం రుమాసాని స్వాధీనం చేసుకుంది. అప్పటికే పేరు పాడైంది. తోటలు తగ్గుతూ వచ్చి ఇప్పుడు ఏడు వేల హెక్టార్ల చుట్టుపక్కల ఉన్నాయి. చవకగా అమ్మితే గిరాకీ పెరుగుతుందనుకుంటాం కానీ, షెర్రీ పరువు తీసింది ఆ చవకే అని నా అభిప్రాయం.

ద్రాక్ష ఎక్కడైనా పండుతుంది. మరి షెర్రీ అక్కడే ఎందుకు?

మొదట చట్టం సంగతి. ఒకప్పుడు దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, సైప్రస్, చివరికి బ్రిటన్ కూడా సొంత "షెర్రీ" అమ్ముకున్నాయి. 1996 నుంచి యూరప్‌లో ఆ పేరు ఈ ప్రాంతపు వైన్‌కి మాత్రమే. ఆస్ట్రేలియావాళ్లు తమదానికి అపేరా అని వేరే పేరు పెట్టుకున్నారు.

చట్టం కన్నా ముందు మట్టి. అక్కడి నేలను అల్బరీసా అంటారు. సుద్దలా తెల్లగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో చూస్తే కళ్లు మూసుకుపోతాయి. చలికాలపు వానని స్పాంజిలా పీల్చుకుని, పైన గట్టిగా పొర కట్టి, వేసవంతా వేళ్లకు కొంచెం కొంచెంగా ఇస్తుంది. వేసవిలో అక్కడ చుక్క పడదు. అందుకే కోతలయ్యాక వరసల మధ్య దీర్ఘచతురస్రపు గుంతలు తవ్వి వాన నీళ్లు పారిపోకుండా ఆపుతారు. అచ్చం మన ఇంకుడు గుంతలే.

ద్రాక్ష ప్రధానంగా పలొమీనో. తినడానికి చప్పగా ఉంటుంది, దానితో చేసిన వైనూ మొదట్లో చప్పగానే ఉంటుంది. రుచంతా తర్వాత పీపాలో వస్తుంది.

వైన్ మీద బూజు పడుతుందట, నిజమా?

బూజు కాదు, ఈస్ట్. కానీ చూస్తే బూజు అనే అనుకుంటారు. నేను ఫొటోలో చూసి అలాగే అనుకున్నాను. దాన్ని ఫ్లోర్ అంటారు, స్పానిష్‌లో పువ్వు అని అర్థం. పాల మీద మీగడ కట్టినట్టు వైన్ మీద తెల్లటి ముడతల పొర కడుతుంది. దాని కోసమే 600 లీటర్ల పీపాలో ఆరో వంతు ఖాళీ వదిలి, దానికి గాలి ఆడేలా చూస్తారు.

షెర్రీ గురించి ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఆ పొర గాలిని కింది వైన్‌కి తగలనివ్వదు, కాబట్టి వైన్ రంగు మారదు. పైగా అది బతకడానికి వైన్‌లోని ఆల్కహాల్‌నీ, గ్లిజరిన్‌నీ తింటుంది. గ్లిజరిన్ పోతే వైన్‌కి ఉన్న నునుపు పోతుంది, నాలుక మీద కరకరలాడేంత పొడిగా అయిపోతుంది. బదులుగా ఎసిటాల్డిహైడ్ అనే పదార్థాన్ని వదులుతుంది. ఫీనోకి ఉండే పచ్చి బాదం, నలిగిన ఆపిల్, పులిసిన దోసెల పిండి లాంటి వాసన దానిదే.

ఈ పొర మహా పెంకిది. ఆల్కహాల్ 15 శాతం దగ్గర హాయిగా ఉంటుంది. 17 దాటితే చచ్చిపోతుంది. స్పిరిట్ ఎంత కలపాలన్న లెక్క అంతా దీని చుట్టూనే తిరుగుతుంది: 15 దాకా కలిపితే పొర బతికి ఫీనో అవుతుంది, 17 దాటిస్తే పొర లేకుండా గాలి తగిలి ఒలొరొసో అవుతుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం, ద్రాక్ష తనంతట తాను 15 శాతానికి చేరితే స్పిరిట్ కలపకుండానే ఫీనో చేయొచ్చు.

ఫీనో, మంజనీయా, అమొంతియాదో... ఈ పేర్లన్నీ ఏంటి?

ఫీనో: జీవితమంతా పొర కింద పెరిగింది. పాలిపోయిన గడ్డి రంగు, పొడి రుచి, అంటే తీపి లేనిది.

మంజనీయా కూడా ఫీనోనే, కాకపోతే సాన్‌లూకర్‌లో పెరిగింది. ఆ ఊరు సముద్రపు ఒడ్డున, గ్వాదల్కివీర్ నది కలిసే చోట ఉంది. తేమ ఎక్కువ కాబట్టి పొర ఏడాదంతా దట్టంగా ఉంటుంది. రుచిలో ఉప్పుగాలి తెలుస్తుంది. ఒక హెచ్చరిక: స్పెయిన్‌లో మిగతాచోట్ల మంజనీయా అడిగితే చామంతి టీ తెచ్చిస్తారు. దానికీ అదే పేరు.

అమొంతియాదో రెండు జన్మలెత్తింది. కొన్నేళ్లు పొర కింద, తర్వాత పొర చచ్చిపోయాక గాలిలో. తేనె రంగు, వేయించిన గింజల వాసన. ఏదో ఒక్క షెర్రీతోనే నాకు జీవితాంతం సరిపెట్టమంటే ఇదే తీసుకుంటాను.

ఒలొరొసో అంటే సువాసన గలది. మొదటి నుంచీ గాలిలోనే పెరుగుతుంది. అక్రోటు, పాత చెక్క, ఎండిన నారింజ తొక్క. వాసన చూస్తే తియ్యగా ఉంటుందనిపిస్తుంది, నోట్లో పెట్టుకుంటే ఉండదు.

పాలో కొర్తాదో గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. వాసన అమొంతియాదోది, ఒళ్లు ఒలొరొసోది అంటారు. పీపా మీద సుద్దతో ఫీనోకి ఒక నిలువు గీత గీసేవారు. దారి తప్పి వేరే వైపు వెళుతున్న పీపా కనబడితే ఆ గీతను అడ్డంగా కొట్టేసేవారు. కొర్తాదో అంటే కోసినది.

పెద్రో హిమెనెస్ అనేది మనిషి పేరులా ఉందే?

మనిషి పేరే, ఇప్పుడు ద్రాక్ష రకం. కోసిన గుత్తుల్ని గడ్డి చాపల మీద పరిచి, మనం వడియాలు ఎండబెట్టినట్టు ఎండలో పెడతారు. ముడుచుకుపోయి దాదాపు ఎండుద్రాక్ష అయ్యాక రసం తీస్తారు. నల్లగా, చిక్కగా, బెల్లం పాకంలా జారుతుంది. లీటరుకు కనీసం 212 గ్రాముల చక్కెర. తాగడం కన్నా వెనిలా ఐస్‌క్రీమ్ మీద పోసుకోవడమే న్యాయం. ఖర్జూరం, అంజీర్, కాఫీ డికాక్షన్ అన్నీ కలిసినట్టుంటుంది.

సీసా మీద సంవత్సరం ఉండదెందుకు?

చాలా వాటి మీద ఉండదు, ఎందుకంటే ఒక్క ఏడాది వైన్ కాదది. సొలేరా అనే పద్ధతిలో చేస్తారు. మన ఇంట్లో పెరుగు తోడు సంగతి గుర్తు తెచ్చుకోండి. అమ్మమ్మ వేసిన తోడు అమ్మకి, అమ్మది మనకి. ఏ రోజు పెరుగు ఆ రోజుదే, కానీ లోపల ఎప్పటిదో పాతది నడుస్తూనే ఉంటుంది.

సొలేరాలో పీపాలు వరసలుగా ఉంటాయి. నేలకు ఆనుకున్న వరసలో అన్నిటికన్నా పాత వైన్. సీసాలకు కావలసింది అక్కడి నుంచే తీస్తారు, ఎప్పుడూ కొంచెమే, పీపాని ఖాళీ చెయ్యరు. తీసిన వెలితిని పై వరస నుంచి పూడుస్తారు. ఆ వరస వెలితిని దాని పైది. అన్నిటికన్నా పైన కొత్త వైన్ పోస్తారు. అంటే పాతది ఎన్నటికీ పూర్తిగా అయిపోదు, కొత్తది పాతదాని గుణం నేర్చుకుంటూ మెల్లగా కిందికి దిగుతుంది. ఏటేటా రుచి మారకపోవడానికి కారణం ఇదే.

అందుకే సీసా మీద "1850లో మొదలైన సొలేరా" అని ఉంటే లోపలిది 1850 నాటి వైన్ అని మురిసిపోకండి. ఆ వైన్ ఛాయ ఉంటుంది, అంతే. వయసు నిజంగా కావాలంటే వి.ఓ.ఎస్. అన్న ముద్ర చూడండి: సగటున 20 ఏళ్లు దాటినది. వి.ఓ.ఆర్.ఎస్. అంటే 30 దాటినది. కార్బన్ పరీక్ష, రుచి చూసేవాళ్ల తీర్పు రెండూ అయ్యాకే ఆ ముద్ర ఇస్తారు. ఒక్క ఏడాది ద్రాక్షతో చేసి సంవత్సరం ముద్రించేవీ ఉన్నాయి, అరుదు.

శాకాహారులు తాగొచ్చా?

అడగాల్సిన ప్రశ్నే. పాత పద్ధతిలో వైన్‌ని తేట చేయడానికి గుడ్డు తెల్లసొన కలిపేవారు. మడ్డితో కలిసి అడుక్కి దిగిపోయేది. మిగిలిన పచ్చసొనల్ని ఊళ్లోని కాన్వెంట్లకు ఇచ్చేవారు. సన్యాసినులు వాటిలో చక్కెర పాకం కలిపి తొసీనో దె సియేలో అనే మిఠాయి కనిపెట్టారని చెబుతారు. ఇప్పుడు చాలా కంపెనీలు బెంటొనైట్ మట్టి వాడుతున్నాయి. పట్టింపు ఉంటే సీసా మీద వీగన్ గుర్తు చూసుకోండి.

ఎలా తాగాలి? తెరిస్తే ఎన్నాళ్లుంటుంది?

ఫీనో, మంజనీయా ఫ్రిజ్‌లోంచి తీసి బాగా చల్లగా. 7 నుంచి 9 డిగ్రీలు. అమొంతియాదో, ఒలొరొసో కొంచెం చల్లగా, 12 నుంచి 14. బుల్లి గ్లాసు వద్దు, మామూలు వైట్ వైన్ గ్లాసులో కొంచెమే పోసుకోండి, వాసన తెలియాలి కదా.

అందరూ తప్పు చేసేది నిల్వ దగ్గర. షెర్రీ ఎన్నాళ్లైనా ఉంటుందనుకుని ఫీనో సీసా తెరిచి అలమరాలో నెలల తరబడి ఉంచుతారు. ఫీనో పెరుగు ప్యాకెట్ లాంటిది. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి వారంలో అయిపోగొట్టాలి. అమొంతియాదో రెండు మూడు వారాలు, ఒలొరొసో నెల పైన, పెద్రో హిమెనెస్ ఇంకా ఎక్కువ. తెరవని ఫీనో కూడా ఏళ్లు దాచేది కాదు. నేను మొదట కొన్న సీసా ఒక కొట్టు కిటికీలో ఎన్ని వేసవులు చూసిందో తెలీదు, తాగితే తడిసిన అట్టపెట్టె రుచి వచ్చింది. షెర్రీ అంటే ఇదేనేమో అని ఏడాది పాటు దాని జోలికే పోలేదు. సీసాలో నింపిన తేదీ చూసి, చిన్న సీసా కొనండి.

మన వంటలతో కుదురుతుందా?

షెర్రీ తిండి పక్కనే రాణిస్తుంది. అక్కడివాళ్లు ఫీనోతో ఆలివ్‌లు, ఉప్పు బాదం, వేయించిన చేప తింటారు. ఆ లెక్కన మన చేపల వేపుడు, రొయ్యల వేపుడు, వేయించిన జీడిపప్పుతో చక్కగా కుదురుతుంది. పులుపు దగ్గర చాలా వైన్లు చేతులెత్తేస్తాయి. ఫీనో అంత తేలిగ్గా ఓడిపోదు. కోడి వేపుడుకీ పుట్టగొడుగులకీ అమొంతియాదో, మటన్‌కి ఒలొరొసో.

కారం సంగతి మాత్రం చెప్పాలి. ఆల్కహాల్ కారాన్ని పెంచుతుంది. గుంటూరు కారంతో చేసిన కూరా, 18 శాతం ఒలొరొసో కలిస్తే నోట్లో నిప్పే. అక్కడ మజ్జిగే మంచిది.

చైనీస్ వంటకాల్లో "డ్రై షెర్రీ" అని రాస్తారే?

షావోషింగ్ రైస్ వైన్ దొరకనప్పుడు దానికి బదులు. ఫీనో లేదా అమొంతియాదో వాడండి. అమెరికా సూపర్ మార్కెట్లలో "కుకింగ్ షెర్రీ" అని అమ్మేది కొనకండి. అందులో ఉప్పు కలుపుతారు, కూర చెడుతుంది.

విస్కీకి షెర్రీ పీపాలెందుకు?

ఒకప్పుడు షెర్రీ పీపాల్లోనే బ్రిటన్‌కి వెళ్లేది. ఖాళీ పీపాలు వెనక్కి పంపడం దండగ, స్కాట్లాండ్ విస్కీవాళ్లు చవకగా కొనుక్కునేవారు. చెక్కలో ఇంకిన వైన్ విస్కీకి రంగూ ఎండుద్రాక్ష వాసనా ఇచ్చేది. 1980ల మొదట్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నియమం వచ్చాక ఆ పీపాలు ఆగిపోయాయి. ఇప్పుడు విస్కీ కోసమే కొత్త పీపాలు చేయించి, ఏడాదో రెండేళ్లో షెర్రీ పోసి ఉంచి పంపుతారు. అంటే మీ విస్కీ పీపా ఏ సొలేరాలోనూ కూర్చోలేదన్నమాట. మన దేశంలోనూ ఈ పని జరుగుతోంది. బెంగళూరు అమృత్, గోవా పాల్ జాన్ రెండూ షెర్రీ పీపాల్లో పెంచిన సింగిల్ మాల్ట్‌లు తెచ్చాయి.

మొదటిసారి తాగేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

నేరుగా ఫీనోతో మొదలుపెడితే కొంతమంది మొహం ముడుచుకుంటారు. రెబుహీతో ప్రయత్నించండి: ఫీనో లేదా మంజనీయా, దానికి రెట్టింపు స్ప్రైట్ లాంటి నిమ్మ సోడా, బోలెడు ఐసు, పుదీనా. హెరెస్ గుర్రాల తిరనాళ్లలో జనం తాగేది ఇదే. తేలిగ్గా దిగిపోతుంది, అదే దాంతో ప్రమాదం. తాగి బండి నడపొద్దని వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ రెండుచోట్లా 21 ఏళ్లు నిండాలి.

హెరెస్ వెళ్తే ఏం చూడాలి?

సెవిల్ నుంచి రైల్లో గంట. బొదేగాల్లోకి వెళ్లండి. ఎత్తైన కప్పులు, మట్టి నేల, కిటికీలకు గడ్డి చాపలు. వేసవిలో చల్లదనం కోసం నేల మీద నీళ్లు చల్లుతారు, ఆ వాసనకి మన ఊరి పాత పెంకుటిల్లు గుర్తొస్తుంది. పొడుగాటి కర్రకు చిన్న గిన్నె కట్టిన వెనెన్సియా అనే గరిటెతో, పొర చెదరకుండా పీపాలోంచి వైన్ తీసి, తల పై నుంచి గ్లాసులోకి ధారగా పోస్తారు. సాయంత్రం తబాంకోలకి వెళ్లండి. పీపాలోంచి నేరుగా పోసే పాతకాలపు కొట్లవి, అదృష్టం బాగుంటే ఫ్లమెంకో పాట కూడా.

ఎలుకకి నిచ్చెన వేశారట?

వేశారు. గొంజాలెజ్ బయాస్ బొదేగాలో నేల మీద ఒక గ్లాసు తియ్యటి షెర్రీ పెట్టి, దానికి అగ్గిపుల్లంత నిచ్చెన ఆనించి ఉంచుతారు. ఎలుకలు ఎక్కి తాగుతాయి. ఫొటోలు కూడా ఉన్నాయి. ఎలుకలు కూడా తియ్యటి రకమే ఎంచుకుంటాయా అని అడక్కండి, వాటికి ఫీనో ఇచ్చి చూసినట్టు లేరు.